ఎడమవైపు ముందు చక్రం

పంజగుట్టలో మెకానిక్ షెడ్డు. కారు జాకీ మీద ఉంది. మూడు టైర్లూ బాగానే ఉన్నాయి, ఎడమవైపు ముందుది మాత్రం నున్నగా అరిగిపోయింది. మెకానిక్ ఆ చక్రాన్ని చేత్తో తిప్పబోతే కదల్లేదు.

"బ్రేక్ పట్టుకొని విడుస్తలేదు సార్. అందుకే గీ ఒక్క టైరే అరిగింది. బండి ఎడమకు గుంజలేదా? కాలిన వాసన సుత రాలేదా?"

వచ్చింది. పక్క సీట్లోంచి మా ఆవిడ చెప్పేది, "ఏదో కాలుతోందండీ" అని. "అమీర్‌పేట ట్రాఫిక్‌లో మల్లెపూల వాసన వస్తుందా?" అని విసుక్కుని అద్దాలు పైకెత్తేవాణ్ణి. ఆమె పోయాక ఆ మాట చెప్పేవాళ్లు లేరు. ప్రతి శనివారం ఆ చక్రం పక్కనే వంగి, బంపర్‌కు కొత్త నిమ్మకాయ, మిరపకాయలు కట్టాను. టైరు వంక చూడలేదు. బండి ఎడమకు లాగితే స్టీరింగ్ కుడికి పట్టి ఉంచడం అలవాటైపోయింది.

బ్రేకు బాగుచేసి కొత్త టైరు వేశాడు. ఫ్లైఓవర్ ఎక్కాను. కారు తిన్నగానే పోతోంది, నా చేతులే దాన్ని కుడికి తిప్పుతున్నాయి.

"అన్నా, జర సీదా పో!" అని అరిచి ఓ స్కూటరతను దాటిపోయాడు.

అద్దాలు దించాను. ఏ వాసనా రాలేదు.