అక్క వినేలా చేసిన ప్రార్థన

నాలుగు రోజులుగా ముసురు. వరండాలో కట్టిన తాడు మీద దుప్పట్లు ఆరక ఇల్లంతా ఒక పుల్లటి చెమ్మ వాసన పట్టింది. మా కోడలు విసుక్కుంటూ వాటిని ఫ్యాను కింద కుర్చీల మీద పరుస్తోంది. నేను మాత్రం ఒక దుప్పటి చెంగు ముఖానికి ఆనించుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. ఈ వాసన కోసం మొహం వాచి ఎడారిలో పదేళ్లకు పైగా బతికిన మనిషిని నేనెరుగుదును. ఆమె పేరు రత్నమ్మ. అందరికీ రత్నమ్మ అక్క.

ఎనభయ్యో దశకం మొదట్లో నేను గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరేనాటికి అక్క మా వార్డుకు పెద్ద నర్సు. కాకినాడ మనిషి. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోయారు, పిల్లలు లేరు. నాకు ఆమె గదిలోనే మంచం ఇచ్చారు. మొదటివారం ఇద్దరం మేడ మీద బట్టలు ఆరేస్తున్నాం.

"చూశావా కరుణా, చివరి బట్టకి క్లిప్పు పెట్టేలోపు మొదటిది ఆరిపోయింది. ఇది ఆరబెట్టడం కాదే, అప్పడాలు వేయించడం."

"మంచిదే కదక్కా, పని తొందరగా అయిపోతుంది."

"ఏం మంచిది నీ మొహం. మా కాకినాడలో వానల్లో ఉతికిన చీర మూడోరోజుకి గానీ కట్టం. ఆ మూడు రోజులూ దాని చుట్టూ ఎంత తగువు, ఎంత నవ్వు."

ఆ కాకినాడ వానలే చిన్నప్పుడు ఆమె ప్రాణం మీదికి తెచ్చాయి. ఉబ్బసం. ప్రతి ముసురుకూ గోడకు దిండు ఆనించుకుని కూర్చునే తెల్లవార్చేదట. ఎడారికి వచ్చాక ఆ జబ్బు చాలావరకు అణగిపోయింది. ఇక్కడి పొడి గాలే నీకు మందు, దీన్ని వదలకు అని మా డాక్టరు గారు ఆమెకు చాలాసార్లు చెప్పారు.

నేను బోధకుని కూతుర్ని. బైబిలు వాక్యాలు కంఠతా పట్టి పెరిగినదాన్ని. ఏ మాటకైనా చివర దేవుడి పేరు చేర్చడం నాకు ఊపిరి తీసినంత అలవాటు. ఆ అలవాటును అక్క మొదట పట్టుకున్నది మల్లయ్య దగ్గర. జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ అతను. కట్టుబడి పనిలో పరంజా మీద నుంచి పడి, తొడ ఎముక విరిగి మా వార్డులో ఉన్నాడు.

"సిస్టరమ్మా, నిజం చెప్పుండ్రి. నేను మల్ల నడుస్తనా, లేకుంటే ఖలాసేనా?"

"దేవుడు నిన్ను మునుపటిలాగే నడిపిస్తాడు మల్లయ్యా" అన్నాను, నిండు విశ్వాసంతోనే.

పక్క మంచం దగ్గర కట్టు మారుస్తున్న అక్క ఇటు తిరిగింది. "కుంటుతావు మల్లయ్యా. మళ్లీ పరంజా ఎక్కలేవు. కానీ నీ కాళ్ల మీద నువ్వు నడిచే ఊరికి పోతావు."

అతను "గట్ల చెప్పుండ్రి. గిప్పుడు సమజైంది" అని, రెండు రోజులుగా ముట్టని అన్నం పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. నడవలోకి వచ్చాక అక్క నాతో మెల్లగా అంది: "నీకు తెలియని కాగితం మీద దేవుడి సంతకం పెట్టకమ్మా." నాకు రోషం వచ్చింది. నా విశ్వాసాన్ని తక్కువ చేసిందనుకుని రెండు రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాను.

అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ఆరాధన కూడా శుక్రవారమే. అలవాటు కొద్దీ దాన్ని ఆదివారమనే పిలిచేవాళ్లం. ఆదివారం డ్యూటీ పడిందని ఎవరైనా మొత్తుకుంటే, ఏ ఆదివారమని అడగాల్సి వచ్చేది. షార్జాలో ఒక గదిలో ఇరవైమందిమి కూడేవాళ్లం. ఎక్కువమంది కోస్తా నుంచి వచ్చిన నర్సులు, కొద్దిమంది కంపెనీల్లో పనిచేసేవాళ్లు. ఒక ఎండాకాలం మొదట్లో, దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పే వేళ, అక్క లేచి నిలబడింది.

"రాజీనామా ఇచ్చేశానండి. జూన్‌లో కాకినాడ వెళ్లిపోతున్నాను. వానలు మొదలయ్యేసరికి అక్కడుండాలని."

సంఘ పెద్ద ఇశ్రాయేలు గారు మంచి మనిషి, కానీ దేన్నీ ఊరికే వదలరు. "డాక్టరు గారు వద్దన్నారట కదమ్మా. మరి ఇది దేవుని చిత్తమని మీకెలా తెలిసింది?"

"తెలియదండి. నాకిష్టం. వద్దని దేవుడు అనలేదు."

వెనక నుంచి ఎవరో, "ఇష్టమంట. ఈ వయసులో ఇష్టమేంటో" అన్నారు.

"ఆయ్, పాతికేళ్లప్పుడు డ్యూటీలే సరిపోయాయండి. ఇప్పుడే తీరిక దొరికింది" అంది అక్క. గదంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఉబ్బసం మనిషిని ఎలా నలిపేస్తుందో వార్డులో చూసినదాన్ని.

మరుసటి శుక్రవారం నన్ను ప్రార్థించమన్నారు. వారమంతా అక్కతో ఒక్క మాట అనలేనిదాన్ని, కళ్లు మూసుకోగానే అనర్గళంగా మొదలుపెట్టాను. బైబిల్లో దేవుడు చెప్పిన చోటు కాదని ఓడెక్కిన ప్రవక్తకు ఎలాంటి తుఫాను ఎదురైందో గుర్తుచేశాను. మా మధ్య ఉన్న నీ దాసురాలి కన్నులు తెరువుము తండ్రీ, నీవిచ్చిన ఊపిరిని ఆమె చేజేతులా పోగొట్టుకోనియ్యకుము అని ఏడ్చాను. ఆమేన్‌లు గట్టిగా వినబడ్డాయి. ఏడుస్తూనే, ప్రార్థన బాగా కుదిరిందని లోపల కొంచెం సంతోషించాను కూడా. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

గదికొచ్చాక అక్క స్టవ్ మీద టీ పెట్టింది.

"ప్రార్థన బాగా చేశావే. ఇంతకీ ఎవరికి చేశావు? ఆయనకా, నాకా?"

నేను కప్పులు కడగడం మొదలుపెట్టాను.

"పైన ఆయన పేరు రాసి, ఉత్తరం నా ఇంట్లో పడేశావు. ఎందుకే? నేను ఇక్కడే ఉన్నాను కదా, నీకు మూరెడు దూరంలో. నాతో చెప్పాల్సింది నాతో చెప్పు."

"భయంగా ఉందక్కా. అక్కడ మీకు ఊపిరాడకపోతే పక్కన ఎవరుంటారు? మీరు వెళ్లిపోతే ఇక్కడ నాకెవరున్నారు?"

"ఈ రెండింట్లో ఏది ఎక్కువ?"

అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ "రెండోది" అన్నాను.

అక్క కోప్పడలేదు. నా స్టెతస్కోపు తీసి చేతికిచ్చి, నాకు వీపు చూపిస్తూ కూర్చుంది. "ఇప్పుడు నర్సులా విని చెప్పు."

విన్నాను. "కుడివైపు కింద పిల్లికూతలున్నాయి. కొంచెమే. కానీ ఉన్నాయి."

"ఉన్నాయని నాకూ తెలుసు. తెలిసే వెళ్తున్నాను. ఈ సంగతి మాత్రం ప్రార్థనలో చెప్పకు, ఇశ్రాయేలు గారు వింటారు."

ఆమె జూన్‌లో వెళ్లిపోయింది. మరుసటి ఏడు ఆగస్టులో సెలవు మీద వచ్చి, తిన్నగా కాకినాడ వెళ్లాను. సముద్రానికి దగ్గర్లో ఒక సందులో రెండు గదుల అద్దె వాటా. వరండాలో కుర్చీ వేసుకుని, శాలువా కప్పుకుని ఉంది. బాగా చిక్కిపోయింది. మాట మాటకీ మధ్య మెడ నరాలు లేస్తున్నాయి. వాన ధారగా కురుస్తోంది.

"కష్టంగా ఉందా అక్కా?"

"ఆగు, ఈ జల్లు దాటనీ" అంది. పెంకుల మీద చప్పుడు తగ్గేదాకా ఇద్దరం విన్నాం. "ఉంది. కూర్చునే నిద్రపోతున్నాను. వారంలో నాలుగు రోజులు బాగుంటుంది, మూడు రోజులు బాగుండదు. పడుతున్నాను."

ఈసారి కళ్లు మూసుకోలేదు. ఆమె ముఖంలోకి చూస్తూ, "నాతో తిరిగి వచ్చేయండక్కా. వీసా సంగతి మన ఆసుపత్రి మేనేజరుని నేను బతిమాలుతాను. మీరు నాకు కావాలి" అన్నాను.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఇదిగో, ఇలా అడగాలి. రాను."

ఆ తర్వాతి వానాకాలంలో ఆమె పోయింది. పక్కవాటా ఆవిడ రాసిన ఉత్తరం ఉమ్ అల్ క్వైన్‌కు చేరేసరికి మూడు వారాలు గడిచాయి. శుక్రవారం ఇశ్రాయేలు గారు ఉత్తరం చదివి వినిపించి, "కరుణా, నువ్వు ప్రార్థించమ్మా" అన్నారు. ఎలాంటి మాటలు రావాలో అందరికీ తెలుసు. నీ చిత్త ప్రకారం నీ దాసురాలిని పిలుచుకున్నావు అనాలి. అవి నా నోటికీ వచ్చాయి. మింగేశాను.

"ప్రభువా, అక్క అక్కడికి వెళ్లడం నీ చిత్తమో కాదో నాకు తెలియదు. వచ్చేయమని అడిగాను, రానంది. ఆమె నాకింకా కావాలి. ఆమేన్."

ప్రార్థన ఇంకా ఉందనుకుని ఎవరూ కళ్లు తెరవలేదు. చివరికి ఇశ్రాయేలు గారు, చాలా ఆలస్యంగా, గొంతు సవరించుకుని ఆమేన్ అన్నారు.

ఇప్పుడు మా సంఘం స్త్రీలతో కలిసి ఆసుపత్రికి వెళ్లి రోగుల కోసం ప్రార్థిస్తుంటాను. మంచం పక్కన కూర్చుని మొదట ఒకటే అడుగుతాను: "నీకు ఏం కావాలమ్మా?" స్వస్థత అంటారు, దేవుని చిత్తమంటారు. "అది సరే, నీకు?" అంటాను. కొందరు వెంటనే చెప్పలేరు. నాతో వచ్చినవాళ్లు గడియారం చూసుకుంటారు. నేను కాచుకుని ఉంటాను. చివరికి గొంతు తగ్గించి ఏదో ఒకటి చెబుతారు. చాలాసార్లు అది, దేవుడి ముందు పెట్టడానికి మొహమాటపడేంత చిన్న కోరిక. అప్పుడు కళ్లు మూసుకుని, ఆ కోరికను వాళ్ల మాటల్లోనే, నావేవీ కలపకుండా, ఆయనకు చెబుతాను.