వెలికా పిన్ని పాళ్ళు

మా వెలికా పిన్ని ఏ వస్తువునీ విడిగా కొలిచేది కాదు. ఆవిడకి లోకమంతా పాళ్ళే. ఉప్పెంత వెయ్యాలని అడిగితే చెంచాల లెక్క చెప్పదు. "వందకి ఒకటిన్నర" అంటుంది. వంద ఏమిటని అడిగిన కోడళ్ళకి ఆ పూట కూర దక్కేది కాదు.

పెళ్ళయిన కొత్తలో గోర్గి బాబాయి, "నేనంటే నీకెంత ఇష్టం?" అని అడిగాడట.

"మా అమ్మ ఐదు పాళ్ళయితే నువ్వు నాలుగు."

బాబాయి మూడు రోజులు అలిగాడు. నాలుగో రోజు మెల్లగా వచ్చి, "ఆ ఒక్క పాలూ ఎట్లా సంపాదించాలి?" అన్నాడు.

"ముందు గురక సగం చెయ్యి."

మిరపకాయలు పండే కాలంలో మా ఊళ్ళో ఐవార్ పోటీ జరుగుతుంది. కారంలేని పెద్ద ఎర్ర మిరపకాయల్ని కాల్చి, తొక్క తీసి, కాల్చిన వంకాయ గుజ్జు కలిపి, నూనెలో గంటలకొద్దీ కలియబెట్టే పచ్చడి అది. వీధికొక కాగు. ఆరేళ్ళుగా పై వీధిదే గెలుపు. ఆ ఏడాది వడగళ్ళు పడి మా వీధి తోటలన్నీ చితికిపోయాయి. ఈసారికి మానేద్దామన్నారు మగవాళ్ళు.

పిన్ని గడపగడపకీ తిరిగింది. "ఉన్నవే పట్టుకురండి. మిరప పది పాళ్ళు, వంకాయ మూడు."

"ఎన్ని కిలోలు తేవాలి వదినా?"

"కిలోలు సంతలో అడుగు."

మర్నాడు పొద్దున్నే అందరూ కాగు దగ్గర చేరారు. వీధి చివరి ఫిమ్కా మాత్రం దూరంగా నిలబడింది. భర్త పోయాక ఒక్క మడి సాగుచేసుకునే మనిషి. శాలువా కింద చిన్న బకెట్టు దాచుకుంది.

"అక్కా, నావి మరీ..."

"ఎంత తెచ్చావో చెప్పకు. పదికి మూడు కుదిరిందా?"

"వంకాయ కాస్త ఎక్కువైందేమో."

"అయితే ఒక కాయ తీసి ఇంటికి పట్టుకెళ్ళు. నా పాళ్ళు పాడుచెయ్యకు."

ఫిమ్కా నవ్వుకుంటూ వచ్చి, అందరి మధ్యా కూర్చుని తొక్క తీసింది.

సాయంత్రానికి మా కాగులో పచ్చడి కుంకుమరంగు తిరిగింది. పై వీధి ట్రాయ్‌కో వచ్చి, "మీ కాగు సగమే నిండిందే?" అన్నాడు.

"నీ బుర్రకంటే రెండింతలుంది" అంది పిన్ని.

తీర్పరులు రొట్టెకి రాసుకుని రుచి చూశారు. రెండోసారి రొట్టె అడిగారు. మేమే గెలిచాం. పోటీ నడిపే పెద్దాయన కాగితం తీసి, "ఎవరెన్ని కిలోలిచ్చారు? ఎక్కువ ఇచ్చినవాళ్ళ పేరు ముందు రాస్తాను" అన్నాడు. ఫిమ్కా తల దించుకుంది.

"పదికి మూడు చొప్పున పన్నెండు ఇళ్ళవాళ్ళూ ఇచ్చారు" అంది పిన్ని. "కిలోలు నాకు తెలీవు. వీధి చివరి నుంచి మొదలుపెట్టి రాసుకో."

మొదటి పేరు ఫిమ్కాదే పడింది. వీధంతా చప్పట్లు కొట్టింది. డోలు వాయించుకుంటూ పై వీధి మీదుగానే ఇంటికొచ్చాం.

దారిలో అడిగాను, "నిజంగా నీకు తూకాలు తెలీవా పిన్నీ?"

చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఫిమ్కావి రెండు కిలోల నూట యాభై గ్రాములు. ఎవరితోనైనా అన్నావంటే, వచ్చే ఏడు మొత్తం తొక్కలు తీసే పని నీదే."