చివరి సీన్‌కి ముందే దించేసిన తెర

చిన్నప్పుడు మా పక్కింటి బేస్‌మెంట్‌లో ఓ పాత జర్మన్ సినిమా చూశాం... నేనూ, మా తమ్ముడూ. అమెరికాలో మేమున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో బయట మోకాల్లోతు మంచు. లోపల ఆ ఇంటి జర్మన్ ఆవిడ హిల్డా ఆంటీ, ఆవిడ వీసీఆర్. టేప్ ఆపి ఆపి, ఎవరేమన్నారో మాకు ఇంగ్లిష్‌లో చెప్పేవారు.

కథ చిన్నదే. రాజుల కాలం. ఓ జమీందారు తలమీద ఇంత ఎత్తు విగ్గు. అది చూసి వంటింట్లో పనిపిల్ల ఫక్కున నవ్వుతుంది. ఆయన వెళ్ళగొట్టేస్తాడు. చివర్లో రాజుగారి విందులో ఆ విగ్గు ఊడి సూప్‌లో పడుతుంది! రాజు పగలబడి నవ్వి, ఆ పిల్లను పిలిపించి జమీందారు కుర్చీలో కూర్చోబెడతాడు.

మొదట అది నాటకమట... తర్వాత సినిమా తీశారట. యుద్ధం అయిపోయాక, సగం కూలిన హాల్లో, వాళ్ళమ్మ పక్కన కూర్చుని చూశారట ఆంటీ. "నాన్న యుద్ధం నుంచి తిరిగి రాలేదు. ఆ విగ్గు సూప్‌లో పడ్డప్పుడు అమ్మ నవ్వింది. అన్నాళ్ళకి అదే మొదటిసారి" అన్నారు.

అది విన్నాక ఊరుకుంటామా? మా ఊరి తెలుగువాళ్ళ కమిటీ చేసే ఉగాది ఫంక్షన్‌లో దాన్నే తెలుగులో వేస్తామన్నాం. ఆంటీ రోజుల తరబడి కూర్చుని దూదితో విగ్గు కుట్టారు. అమ్మ తన పాత పట్టు పరికిణీ కత్తిరించి తమ్ముడికి జమీందారు కోటు కుట్టింది. పనిపిల్లను నేను.

ఆ రోజు ఆంటీ అందరికంటే ముందొచ్చి మొదటి వరసలో కూర్చుంటే, అది వీఐపీలదంటూ లేపి వెనక్కి పంపారు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆపైన సన్మానాలు... ఒకాయనకి శాలువా, ఆయన భార్యకి శాలువా, ఆయన బావమరిదికీ శాలువా. ముప్పావు గంట!

మా నాటకం మొదలై పది నిమిషాలు కాలేదు. నన్ను వెళ్ళగొట్టే సీన్‌లో ఏడుస్తున్నాను... కమిటీ అంకుల్ పక్కనుంచి చెయ్యి ఊపారు.

"చాలమ్మా, చాలు! లంచ్ చల్లారిపోతోంది. కర్టెన్ వేసేయండి!"

"అంకుల్, వన్ మోర్ సీన్! ఫన్నీ పార్ట్ ఇంకా రాలేదు!"

"నెక్స్ట్ ఇయర్ చేద్దురుగాని, ఓకేనా?"

తెర పడిపోయింది. మేం వేసింది హాస్యనాటకం, జనం చూసింది ఏడుపు! భోజనాల లైన్‌లో ఒకావిడ "పాపం, ఎంత శాడ్ స్టోరీయో" అని నా బుగ్గ గిల్లి పులిహోర వడ్డించుకుంది.

కారులో హిల్డా ఆంటీ విగ్గు ఒళ్ళో పెట్టుకుని "వాళ్ళకి నచ్చలేదా?" అని అడిగారు. నచ్చిందని అబద్ధమాడాను. మరుసటి ఉగాదికల్లా ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు... మళ్ళీ చూడలేదు. ఆ తెర దించేసినవాళ్ళ మీద కోపం నాకు ఈరోజుకీ తగ్గలేదు.

ఇప్పుడు మా పాప స్టేజి ఎక్కుతోంది. అప్పట్లో కనీసం చెయ్యి ఊపేవారు... ఇప్పుడు ఎదురుగా టైమర్, నాలుగు నిమిషాలు కాగానే మైక్ కట్. శాలువాలకి మాత్రం ఏ టైమరూ లేదు!

మిమ్మల్ని కూడా ఇలాగే మధ్యలో దింపేశారా? మిగిలిపోయిన ఆ ముక్క కింద రాయండి... ఎంత పొడుగైనా పర్లేదు. నేను చివరిదాకా కూర్చుని చదువుతాను.