అబూ నాయ్ ఇంకా రాలేదు

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేమీ కావు. మాస్కులు ముక్కు మీది నుంచి గడ్డం కిందికి దిగి, అక్కడి నుంచి జేబులోకి ఎప్పుడు వెళ్దామా అని చూస్తున్న రోజులు. అయినా ఇప్పుడు తలుచుకుంటే అవన్నీ ఎవరో వేరే మనిషికి జరిగినట్టే ఉంటాయి. ఆ వేరే మనిషికి అప్పుడు ఇరవై ఐదేళ్ళు. డిగ్రీ పాసై, దుబాయ్ వచ్చి, జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోదాములో కార్టన్లు మోస్తూ, సత్వాలో ఆరు మంచాలున్న గదిలో పై మంచం మీద పడుకుంటూ, తనను తాను జపాన్ కుస్తీలకు తొలి తెలుగు విమర్శకుడిగా భావించుకునేవాడు. (పోటీకి ఇంతవరకూ ఎవరూ రాలేదు కాబట్టి ఆ బిరుదు ఇప్పటికీ నా దగ్గరే ఉందనుకుంటాను.)

దీనికంతటికీ మూలం కాకా. కాకా నాకు చుట్టమేమీ కాదు. నిజామాబాద్ వైపు మనిషి, దుబాయ్‌లో ఇరవై ఏళ్ళుగా ఉన్నవాడు, మా గోదాములోనే ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు, మా గదికి పెద్ద. ఒక శుక్రవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను ఫోన్‌ను కుక్కరుకు ఆనించి ఏదో వెతుకుతుంటే జపాన్ వాళ్ళ కుస్తీ ప్రోగ్రాం ఒకటి తగిలింది. ఒకడు ఛాతీ మీద ఫట్‌మని చరుస్తాడు. రెండోవాడు తప్పుకోడు సరికదా, ఛాతీ ఇంకాస్త ముందుకు పెట్టి ఇంకోటి కొట్టమంటాడు. తరవాత తన వంతు వచ్చినప్పుడు అంతకంటే గట్టిగా ఇస్తాడు. జనమంతా మాస్కులు పెట్టుకుని, ఒక్కరూ అరవకుండా బుద్ధిగా చప్పట్లు మాత్రం కొడుతున్నారు (కరోనా నిబంధనట). కాకా పడుకోబోయినవాడల్లా లేచి కూర్చున్నాడు. "ఎంత మర్యాదస్తులు రా వీళ్ళు. లైన్ తప్పకుండ కొట్టుకుంటున్నరు" అన్నాడు. ఆ తరవాతి శుక్రవారం కాకాకు ఓవర్‌టైం పడింది. పొద్దున బూట్లు తొడుక్కుంటూ, "నేను లేనని సూడుడు ఆపకు. ఏమేమైందో మంచిగ రాసి గ్రూపుల పెట్టు. ఎవడు గెలిచిండని ఒక్క ముక్క రాస్తే ఊకోను, మొత్తం రాయాలె" అని చెప్పి పోయాడు. విమర్శకుడు అలా పుట్టాడు.

మొత్తం రాశాను. మార్కులకు బదులు కరక్ చాయ్‌లు ఇచ్చాను, అయిదింటికి ఇన్ని అని. మల్లయోధుల పేర్లు నోరు తిరగవు కాబట్టి నేనే పేర్లు పెట్టాను. "మొదటి మ్యాచ్. ఇద్దరూ కొత్త పిలగాళ్ళు, ఇద్దరివీ నల్ల చెడ్డీలే. ఎవరు గెలిచారో రిఫరీ చెప్పేదాకా వాళ్ళకే తెలిసినట్టు లేదు. ఒక కరక్, అదీ చక్కెర తక్కువ." "మూడో మ్యాచ్. పసుపు చెడ్డీకీ తుమ్మమొద్దుకూ. తుమ్మమొద్దు కొట్టిన దెబ్బలకు పసుపు చెడ్డీ ఛాతీ టమాటా పచ్చడి అయింది. అయినా రిఫరీ రెండు అన్నాక, మూడు అనే లోపల (మూడంటే ఓడినట్టే) భుజం లేపాడు. అలా ఆరుసార్లు. నాలుగున్నర కరక్‌లు." ఇదీ నా ధోరణి. కాకా ఓవర్‌టైం నుంచి బస్సులో వస్తూ అదంతా చదివి, గదిలోకి అడుగుపెడుతూనే నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. అబుధాబి దగ్గర బనియాస్‌లో ఉండే తన మేనల్లుడికి పంపాడు. ఆ మేనల్లుడు వాళ్ళ లేబర్ క్యాంపులో నలభై మందికి పంపాడు. రెండు నెలలు తిరిగేసరికి శుక్రవారం సాయంత్రం నా రివ్యూ పదిహేను నిమిషాలు ఆలస్యమైతే, "ఏమైందన్నా, పానం బాగలేదా" అని బనియాస్ నుంచి ఫోన్లు వచ్చేవి.

ఇక అబూ నాయ్ సంగతి. కామెంటరీ అంతా జపాన్ భాషలో. నాకు ఒక్క ముక్క తెలియదు, కానీ విమర్శకుడు ఆ మాట ఒప్పుకోకూడదు కదా. వింటూ వింటూ ఉంటే ఒక మాట మాత్రం మాటిమాటికీ చెవిన పడేది. ఎవడైనా బరి మూలనున్న స్తంభం ఎక్కి దూకబోయినా, ఎవడి తలైనా నేలకు తగలబోయినా, కామెంటరీ ఆయన గొంతు పోయేలా "అబునాయ్, అబునాయ్" అని అరిచేవాడు. అబుధాబి, అబూ హైల్ అని రోజంతా వినే చెవులు మావి. అబూ అంటే మాకు అనుమానమేముంటుంది, ఎవరో అరబ్బు పెద్దమనిషి. ఆయన పేరు అబూ నాయ్. మరి జపాన్ కుస్తీలో అరబ్బు పెద్దమనిషికి పనేమిటి? నేను రెండు రోజులు ఆలోచించి, ఆయన వీళ్ళందరినీ పనికి తెచ్చుకున్న యజమాని, అంటే కఫీల్ అని తేల్చాను. వీసాలు ఆయనవే. తెర వెనక ఎక్కడో కూర్చుని చూస్తుంటాడు. యోధులు హద్దు మీరి మెడలు విరగ్గొట్టుకోబోయినప్పుడల్లా కామెంటరీ ఆయన, అబూ నాయ్ చూస్తున్నాడు జాగ్రత్త అని హెచ్చరిస్తుంటాడు. ఇది రాసిన వారం రివ్యూకు వచ్చినంత పేరు నాకు ఆ తరవాత జీవితంలో దేనికీ రాలేదు. "నేను ముందే అనుకున్న. వాళ్ళ పాస్‌పోర్టులన్నీ గాయన తాననే ఉంటయి" అన్నాడు కాకా. బనియాస్ నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. అబూ నాయ్ ఎప్పుడొస్తాడు, ముసలోడా పడుచోడా, ఎవరి వైపు? నేను ప్రతి వారం చివర్న "అబూ నాయ్ ఈ వారమూ రాలేదు" అని ఒక వాక్యం రాసి ఊరుకునేవాణ్ణి. (ధారావాహికలు రాసేవాళ్ళ సుఖం అప్పుడు నాకు అర్థమైంది.)

ఇక్కడొక కుర్చీ గురించి చెప్పాలి. మా గోదాములో, వాపసు వచ్చిన సరుకు రాసుకునే బల్ల ఒకటి అద్దాల గదిలో ఉండేది. ఏసీ, కంప్యూటర్, తిరిగే కుర్చీ. జులై ఎండలో రేకుల కింద కార్టన్లు మోసేవాడికి ఆ కుర్చీ ఎలా కనపడుతుందో నేను చెప్పక్కర్లేదు. పైగా వచ్చిన కొత్తలోనే మా అమ్మతో ఆఫీసు పని అని చెప్పేశాను. ముదీర్ (మా మేనేజరును అందరూ అలాగే పిలిచేవాళ్ళు) నమాజుకు వెళ్ళినప్పుడు ఆ కుర్చీలో కూర్చుని ఫొటో కూడా తీయించుకుని పంపాను. అమ్మ దాన్ని వాడకట్టు మొత్తం తిప్పి చూపించింది. అప్పటి నుంచి ఆ కుర్చీని చూసినప్పుడల్లా నాకు ఆ ఫొటోయే గుర్తొచ్చేది. అది నిజంగా నాదైపోతే అబద్ధం దానంతటదే సర్దుకుంటుందని నా ఆశ.

ముదీర్ ఈజిప్టు మనిషి. ఇక్కడే ఉండి ఉండి హిందీ ఒంటబట్టించుకున్నాడు. ఒకరోజు నన్ను పిలిచి, "తుమ్ కో జపానీ ఆతా హై?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పక్కన ఫోర్క్‌లిఫ్ట్ మీది నుంచి కాకా, "ఆతా హై సాబ్, పూరా ఆతా హై. హర్ జుమ్మా లిఖ్‌తా భీ హై" అన్నాడు. వచ్చే మంగళవారం జపాన్ నుంచి ఒక కస్టమర్ గోదాము చూడ్డానికి వస్తున్నాడట. నేను పక్కనుండి మాట్లాడాలట. అంతా బాగా జరిగితే వాపసు బల్ల నాదేనట. "ఖలాస్?" అన్నాడు ముదీర్, ఇక ఖాయమేనా అన్నట్టు. రాదు సార్ అనడానికి నాకు ఒక్క క్షణం పట్టేది. ఆ ఒక్క క్షణమూ నేను అద్దాల గదిలోకి చూస్తూ గడిపాను. తరవాత "ఖలాస్ సార్" అన్నాను.

బయటికొచ్చి కాకాను పట్టుకున్నాను. "ఎందుకట్ల జెప్పినవ్ కాకా, నాకేం వస్తదని?" కాకా నిజంగానే ఆశ్చర్యపోయాడు. "రాకుంటె గంత మంచిగ ఎట్ల రాస్తున్నవ్ రా?" అన్నాడు. మిగిలిన నాలుగు రోజులూ పాత మ్యాచ్‌లన్నీ మళ్ళీ చూసి, వంగి దండం పెట్టడం, "అరిగాతో" అనడం నేర్చుకున్నాను. వంగినప్పుడు చేతులెక్కడ ఉండాలో కాకా మంచం మీద కూర్చుని సరిచేసేవాడు.

మంగళవారం వచ్చిన జపాన్ ఆయన అరవై దాటిన చిన్న మనిషి. హెల్మెట్ చెవుల దాకా దిగింది. నేను వంగాను. ఆయన వంగాడు. ఆయన నాకంటే కిందికి వంగినట్టనిపించి మళ్ళీ వంగాను. ముదీర్ మొహం వెలిగిపోయింది. ర్యాకుల మధ్య నడుస్తూ ఆయన ఏదో నాలుగు ముక్కలు తన భాషలో అన్నాడు. నేను తల పంకించి "అరిగాతో" అన్నాను. "క్యా బోలా?" అని ముదీర్. "సఫాయీ బహుత్ అచ్ఛా హై బోలా సార్." అలా రెండు వరుసలు గడిచిపోయాయి, కుర్చీ నా వైపు తిరుగుతున్నట్టే ఉంది.

మూడో వరుసలో మాత్రం కాకా, తన శిష్యుడు వెలిగిపోతుంటే చూడాలని, అవసరం లేకపోయినా ఒక ప్యాలెట్ ఎత్తుకుని మా పక్కకు వచ్చాడు. మమ్మల్ని చూస్తూ బండిని కాస్త విసురుగా తిప్పాడు. పైన ఉన్న కార్టన్ ఒకటి జారడం మొదలుపెట్టింది. సరిగ్గా నా నెత్తి మీద. అది చూసిన జపాన్ ఆయన రెండు చేతులూ ఎత్తి "అబునాయ్" అని అరిచాడు.

అబూ నాయ్ వచ్చేశాడు. ఇన్ని వారాల తరవాత, ఇక్కడ, మా గోదాములో. నేను గిరుక్కున తలుపు వైపు తిరిగి "ఎక్కడ? కహాఁ?" అన్నాను. కాకా బండి ఆపేసి కిందికి దూకి, చొక్కా సర్దుకుని, అదే తలుపు వైపు చూస్తూ "అస్సలామ్ అలైకుమ్" అన్నాడు. పేరు అరబ్బు పేరు కావడంతో ముదీర్ కూడా మాస్కు పైకి లాక్కుని, ఎవరొచ్చారన్నట్టు అటే తిరిగి "మీన్? మీన్?" అన్నాడు. ముగ్గురమూ ఖాళీ తలుపు వైపు ఎంతో వినయంగా చూస్తుండగా కార్టన్ వచ్చి నా భుజం మీద పడింది. లోపల గిన్నెలు తోమే స్పాంజీలు ఉండబట్టి సరిపోయింది గానీ, నేను మాత్రం నేల మీద కూలబడ్డాను.

జపాన్ ఆయన పరిగెత్తుకొచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కార్టన్‌ను చూపించాడు, నా నెత్తిని చూపించాడు, వచ్చీరాని ఇంగ్లీషులో "అబునాయ్. డేంజర్. అబునాయ్, డేంజర్" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక స్పాంజీల మధ్య కూర్చుని, తొమ్మిది వారాల నా అబూ నాయ్ సాహిత్యం కళ్ళ ముందే కూలిపోవడం చూశాను. కఫీల్ లేడు. తెర వెనక ఎవరూ లేరు. ప్రమాదం, ప్రమాదం అని ఆ కామెంటరీ మనిషి మొత్తుకుంటుంటే నేను బనియాస్ దాకా వార్త పంపాను.

"తుమ్ కో జపానీ నహీ ఆతా?" అన్నాడు ముదీర్. అప్పటికీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు, అంత పాటి బుర్ర ఉంది. కానీ భుజం నొప్పికో, సిగ్గుకో, నోట్లోంచి నిజమే వచ్చింది. "నహీ సార్" అన్నాను. మరి ఈ మాట ఎక్కడ విన్నావని జపాన్ ఆయన అడిగితే కుస్తీ అన్నాను. రివ్యూలు, కరక్‌లు, కఫీల్, బనియాస్, అంతా నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పేశాను. ఆయన మొదట కళ్ళార్పకుండా విన్నాడు, తరవాత ర్యాకు పట్టుకున్నాడు, ఆ తరవాత మాస్కు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వి నవ్వి, చివరికి, "మరి అబూ నాయ్ గెలిచాడా, ఓడాడా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే కాకా చేతులు కట్టుకుని, "వో అభీ తక్ ఆయా నహీ సాబ్" అన్నాడు.

కుర్చీ నాకు రాలేదు. జపాన్ ఆయన సంతోషంగానే వెళ్ళాడు, కాంట్రాక్టూ వచ్చింది, కానీ ముదీర్ మాట మీద నిలబడే మనిషి. కంప్యూటర్ వచ్చని చెప్పి, చెప్పినట్టే అది తెలిసిన ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయిని అందులో కూర్చోబెట్టాడు. నన్ను మాత్రం పనిలోంచి తీసెయ్యలేదు. దానికే బతుకుజీవుడా అనుకున్నాను.

ఆ శుక్రవారం రివ్యూ మొదట్లోనే నిజం రాశాను. కాకా వద్దన్నాడు. "కల్లివల్లి, వదిలెయ్ రా. పాపం వాళ్ళు డ్యూటీ దిగి గదొక్కటే సదువుతరు" అన్నాడు. అయినా పంపాను. గంటకు బనియాస్ నుంచి కాకా మేనల్లుడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, మరి కఫీలు లేకుంటె వాళ్ళను గట్ల కొట్టుకొమ్మని ఎవరంటున్నరే? ఎవరు అనకున్నా కొట్టుకుంటున్నరంటె వాళ్ళకు ఇష్టం ఉండే కొట్టుకుంటున్నరు. గిది ఇంక మంచిగున్నది. పసుపు చెడ్డీ సంగతేమైందో జెప్పు." వాళ్ళు అంత తేలిగ్గా తీసుకునేసరికి నాకు ఇంకొంచెం ధైర్యం వచ్చి, అప్పుడే అమ్మకు ఫోన్ చేసి, ఫొటోలో కుర్చీ నాది కాదని చెప్పేశాను. "నాకెప్పుడో తెల్సు బిడ్డా. కుర్చీల కూసున్నవ్ గని కాళ్ళకు ఇనుప బూట్లేసుకున్నవ్. ఆఫీసుల కూసునేటోళ్ళు గసొంటి బూట్లు ఏసుకుంటరా?" అంది. మరి వాడకట్టంతా ఎందుకు చూపించావంటే, "నువ్వు నవ్వుకుంట దిగినవ్ గద, గందుకు" అంది. పై మంచం మీద దుప్పటి కప్పుకుని ఏడ్చాను. ఆనందంగానే ఏడ్చాను, ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

ఇప్పుడు నేను వేరే కంపెనీలో, తిరిగే కుర్చీలోనే ఉన్నాను. నడుము నొప్పి కూడా వచ్చింది. ఆ జపాన్ ఆయన ముందు పడ్డ సిగ్గుకు పట్టుబట్టి రాత్రి క్లాసులకు వెళ్ళి కాస్త జపనీస్ నేర్చుకున్నాను, కామెంటరీ ముప్పాతిక వంతు అర్థమవుతుంది. కాకా దుబాయ్ వదిలి ఇంటికి పోయి రెండేళ్ళయింది. ఇప్పటికీ శుక్రవారం ఫోన్ చేసి ఈ వారం ఏమైందని అడుగుతాడు. ఎవరు ఎవరిని ఏమన్నారో, ఎందుకు కొట్టుకున్నారో ఒక్క పొల్లు పోకుండా చెబుతాను. మొన్న అంతా విని, "నీకు బాస వచ్చినంక మ్యాచులు సప్పగైనయ్ రా" అన్నాడు. నిజమే. ఆ ఇరవై ఐదేళ్ళవాడైతే ఈపాటికి ఆ యోధులకు మేనత్తలనూ పొలం తగాదాలనూ తగిలించి ఉండేవాడు. కాకా కోసం నేనూ ఈ మధ్య కొంచెం కొంచెం కల్పించి చూస్తున్నాను గానీ, వాడిలా కుదరడం లేదు.