బుర్గి కొట్లో రెండు మోతలు

బుర్గి తన కొట్టుకు కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ ముందుగా వీపు వెనకనుంచి ఒక్క తోపు తోస్తుంది. పలకరింపు అయ్యాక, మంచు మీద జారే స్నోబోర్డు చేతికివ్వకముందు. పడబోయే మనిషి ఏ కాలు ముందుకు వేస్తే మంచు మీద బోర్డెక్కినప్పుడు ఆ కాలే ముందుండాలి. అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు, పడబోతే మాత్రం అబద్ధమాడలేరు అంటుందామె.

ఆ ఆదివారం హాంబర్గ్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు హెన్నింగ్‌ను కూడా అలాగే తోసింది. పాపం, ఆయన వెళ్ళి చేతితొడుగుల బుట్టలో పడ్డాడు.

"ఏంటండీ ఇదీ! మనిషిని చంపేస్తారా?"

"కుడికాలు. మీకు కుడికాలు ముందు," అంటూ బుర్గి చీటీ మీద రాసుకుంది. "లేవండి, బూట్లు చూద్దాం."

ఆయన భార్య ఫ్రౌకె పక్కన నిలబడి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆవిడ ఏడేళ్ళుగా ఆస్ట్రియాలోని ఈ టిరోల్ లోయకు వచ్చి బోర్డెక్కుతోంది. ఆమె తోపు ఏడేళ్ళ కిందటే అయిపోయింది.

బుర్గికి యాభై ఎనిమిదేళ్ళు. కొండమీదికి పోయే లిఫ్టు కింద, సొంత ఇంటి నేలమాళిగలోనే కొట్టు. పొద్దున్నే ఇస్త్రీపెట్టె వేడిచేసి బోర్డుల అడుగున మైనం కరిగించి పట్టడం, ఆరాక గీకడం, అంచులకు ఆకురాయి పెట్టడం, పాదాల పట్టీలు బిగించడం ఆమె పని. సీజనులో రెండు వందల బోర్డులు ఆమె చేతిమీదుగా పోతాయి. మూడేళ్ళు పెద్దవాడైన అన్న రోమెడ్ పాఠాలు చెబుతాడు. పాఠాలు దాటినవాళ్ళను గుర్తులు పాతిన దారి వదిలించి, ఎవరూ తొక్కని మంచులోకి తీసుకెళ్ళి దించుకొస్తాడు. ఆ లోయలో అందరికీ తెలిసిన సంగతేమిటంటే, చెల్లెలు సిద్ధం చేస్తుంది, అన్న తీసుకెళ్తాడు. చెల్లెలు మాత్రం గుర్తుల దారి చివర కట్టిన పసుపు తాడు దాటదు.

ఒకప్పుడు దాటేది. అసలు ఆ లోయలో బోర్డెక్కిన మొదటి ఆడపిల్ల ఆమే. స్కీయింగ్ పెద్దలు ఆమెను చూసి "ఇస్త్రీబల్ల ఎక్కి ఊరేగుతోందిరా" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆమె వాళ్ళ ముక్కుల ముందునుంచే మంచు చిమ్ముకుంటూ పోయేది. ఇరవై ఏడేళ్ళప్పుడు, పర్వతం వెనకవైపు మేకలదొన అనే వాలులో, కాళ్ళ కింద మంచు పలక ఊడి ఆమెను మింగేసింది. పదకొండు నిమిషాలు లోపల ఉంది. ఛాతీకి కట్టుకున్న బీకన్ అనే చిన్న పెట్టె పంపే సంకేతం అన్న బీకన్‌లో కీచుమంటుంటే, ఆ కూత పట్టుకుని అతడు వెతికి, పారతో తవ్వి తీశాడు. ఒక్క ఎముకైనా విరగలేదు. కానీ ఆ రోజునుంచి ఆమె బోర్డు గోడకున్న మేకుకు తగిలించే ఉంది.

ఆ తర్వాతినుంచే ఫోను అలవాటు మొదలైంది. రోమెడ్ ఎవరినైనా వెనకవైపు తీసుకెళ్ళిన రోజున, కిందికి దిగగానే కొట్టుకు ఫోను చేస్తాడు. రెండుసార్లు మోగి ఆగిపోతుంది. ఎవరూ ఎత్తరు. మొదట్లో అవతలి ఊరి సత్రంనుంచి చేసేవాడు, ఇప్పుడు జేబులోని ఫోనునుంచి. పగలు పదకొండు గంటలు దాటాక బుర్గి ఎవరితో మాట్లాడుతున్నా చెవి ఒకటి ఆ ఫోను మీదే ఉంటుంది. రెండు మోతలు వినిపించాక గీకుడు పలక బల్లమీద పెట్టి, ఒక్క నిమిషం ఊరికే నిలబడి, మళ్ళీ పని అందుకుంటుంది. ముప్పై ఒక్క శీతాకాలాలు ఇలాగే గడిపింది. దీన్ని బతకడం అంటారా అని ఎవరైనా అడిగితే చితక్కొడుతుంది గాని, తనను తానే చాలాసార్లు అడిగింది.

ప్రతి ఏడూ మొదటి మంచుకు రోమెడ్ అడుగుతాడు. "వస్తావా?"

ప్రతి ఏడూ ఆమెది ఒకటే జవాబు. "నా బోర్డుకు మైనం పట్టలేదు."

రెండు వందల బోర్డులకు పట్టే మనిషికి తన ఒక్కదానికీ తీరిక లేదట! అన్న నవ్వి ఊరుకునేవాడు.

ఈ ఏడు ఊరుకోలేదు. అతడి తుంటి అరిగిపోయింది, ఏప్రిల్‌లో కోసి ఇనుపది పెడతారు. డాక్టరు ఇక కొండమాట ఎత్తొద్దన్నాడు. శుక్రవారం ఫ్రౌకెను, గ్రాట్స్‌నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళిద్దరిని మేకలదొనకు తీసుకెళ్ళడమే ఆఖరు. ఆ ఆదివారం సాయంత్రం రోమెడ్ ఏమీ అడక్కుండా వరసలోంచి ఆమె ఎత్తుకు సరిపోయే కొత్త బోర్డొకటి దించి, తనే ఇస్త్రీపెట్టె పట్టుకుని మైనం పట్టడం మొదలుపెట్టాడు. ఒకచోట ముద్దగా, ఒకచోట బోడిగా. చూసేసరికి బుర్గికి ఒళ్ళు మండిపోయింది.

"ఏం పనిది అన్నయ్యా? గోడకు సున్నం కొడుతున్నావా?"

"నాకింతే వచ్చు."

"ఇలా తే!" అని లాక్కుని మొత్తం గీకేసి, మొదటినుంచీ పట్టింది. అంచులు పదునుపెట్టింది. పట్టీలు బిగించింది. పని పూర్తయ్యాక చూసుకుంటే బోర్డు అద్దంలా ఉంది, చెప్పడానికి సాకు మిగల్లేదు.

"మంచిది," అన్నాడు రోమెడ్. "రేపు తొమ్మిదికి పాఠం. పిల్లల వాలు దగ్గర."

"నాకు పాఠమేంటి?"

"ముప్పై ఒక్కేళ్ళయింది తల్లీ. పళ్ళ డాక్టరు పక్కన నిలబడు."

సోమవారం ఆమె పడింది. ఎంతలా పడిందంటే, మధ్యాహ్నానికి కూర్చోవడానికి లేదు. లిఫ్టు నడిపే ముసలి ఫ్లోరిన్ కిటికీ తెరిచి మరీ అరిచాడు.

"బుర్గీ! నిన్ను ఎవరైనా వెనకనుంచి తోశారా?"

"నువ్వు కిందికి రా, నేను నిన్ను తోస్తా!"

పక్కనే మంచులో కూలబడ్డ హెన్నింగ్ చేయి అందించాడు. "మీరు ఈ కొట్టు యజమాని కదా, మీరూ పడతారా?" అని ఆశ్చర్యపోయాడు. ఆయనకు అది పెద్ద ఊరట అనుకుంటాను, ఆ రోజంతా ఆమెను వదల్లేదు.

మంగళవారం మోకాళ్ళు మెల్లగా వంగడం గుర్తు చేసుకున్నాయి. బుధవారం మడమ అంచునుంచి వేళ్ళ అంచుకు తిరగడం వచ్చింది. గురువారం ఎర్ర గుర్తుల దారిమీద ఆపకుండా కిందిదాకా దిగి, ఫ్లోరిన్ కిటికీకి నిండుగా మంచు చిమ్మింది. రోమెడ్ ఆ మధ్యాహ్నం రెండు గ్లాసులు దేవదారు కాయల సారా పోశాడు. అయినా ఆమె భయం పోలేదు. గుర్తుల దారి వేరు, తాడు అవతల వేరు. రేపు వెనక్కి తగ్గితే అన్నతో ఆ వాలు దిగడం ఇక ఈ జన్మలో లేదు. ఇనుప తుంటి పెట్టుకున్న మనిషిని వచ్చే ఏడు రమ్మనడానికి లేదు కదా. మిగిలిన కాలమంతా తను తాడు ఇవతలే ఫోనుకు చెవొగ్గి ఉండిపోతుంది. అది తెలిసే భయపడింది.

శుక్రవారం పొద్దున మంచుచరియల హెచ్చరిక ఐదు మెట్లలో రెండో మెట్టు దగ్గరుంది. రోమెడ్ అది రెండుసార్లు చదివి, ఆకాశం వాసన చూసి, సరేనన్నాడు. బుర్గి అందరి బీకన్లలో కొత్త బ్యాటరీలు వేసింది, ఛాతీపట్టీలు బిగించింది, ఫోన్లు బీకన్ సంకేతానికి అడ్డు రాకుండా దూరంగా అవతలి జేబులో పెట్టించింది. ఒక్కొక్కరి సంచిలో పార, మంచులో గుచ్చి వెతికేందుకు మడిచిన పొడవాటి కడ్డీ ఉన్నాయో లేవో చేత్తో తడిమి చూసింది. రోమెడ్‌ది తిప్పుడు బిళ్ళ ఉన్న పాత బీకన్, ఒకవైపు తిప్పితే సంకేతం పంపే కూత స్థితి, ఇంకోవైపు తిప్పితే ఇతరుల కూత వినే స్థితి. కొత్తవి వాటంతటవే కూత స్థితికి వచ్చేస్తాయని, మార్చుకోమని ఆమె పోరుపెట్టి పదేళ్ళయింది. చెవిన పెట్టుకోడు. కొట్టుకు తాళం వేస్తుంటే ఆమెకు ఏదో మరిచిపోయినట్టు అనిపించింది. హెన్నింగ్ లిఫ్టుదాకా వచ్చి భార్యను, పాఠాల స్నేహితురాలు బుర్గిని సాగనంపాడు.

లిఫ్టు దిగగానే ఫ్రౌకె "మీరు ముందు నడవండి బుర్గి గారూ" అంది.

"వెయ్యి మీటర్ల ఎత్తు దాటాక ఇక్కడ మీరూ గారూ ఉండవమ్మాయ్," అన్నాడు రోమెడ్. "అవి కింద వదిలేసి రా. నువ్వంటే నువ్వే."

పసుపు తాడు దగ్గర ఆగారు. అవతల మేకలదొన తెల్లగా, ఒక్క గీత కూడా లేకుండా ఉంది. తన భయం ఎవరికీ కనబడకూడదని బుర్గి బోర్డు మంచులో గుచ్చి దాన్ని పట్టుకుని నిలబడింది. వెనక్కి వెళ్ళిపోతానని నోటిచివరదాకా వచ్చింది.

రోమెడ్ తన బీకన్ బిళ్ళను వినే స్థితికి తిప్పి, తాడు పక్కన నిలబడ్డాడు. ఒక్కొక్కరూ దూరం పాటించి అతడి ముందునుంచి నడవాలి. ఎవరు దాటితే వాళ్ళ కూత వినిపించాలి. ఫ్రౌకె నడిచింది, బీకన్ కూసింది. గ్రాట్స్ అక్క నడిచింది, చెల్లెలు నడిచింది, వాళ్ళవీ కూశాయి. బుర్గి నడిచింది.

"మళ్ళీ నడు," అన్నాడు రోమెడ్.

"కూసింది కదా."

"నడవ్వే."

నడిచింది. మూడోసారి కూడా నడిపించాడు. దగ్గరికి పిలిచి, ఆమె ఛాతీపట్టీ లాగి చూశాడు, మెడ దగ్గర జిప్పు పైకి జరిపాడు, చిన్నపిల్లకు చేసినట్టు టోపీ చెవులమీదికి లాగాడు. అతడి వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"పదండి," అని తాడు ఎత్తాడు. "ముందు నేను. నల్లరాయి దాటి ఆగుతా. చెయ్యెత్తాక ఒక్కొక్కరే."

"ఆగు," అంది బుర్గి.

"భయపడకు. నేనున్నానుగా."

"భయం సంగతి తర్వాత. నీది ఎవరు విన్నారు?"

పద్ధతి ప్రకారం ముందు నడిచేవాడు తన బీకన్‌ను తిరిగి కూత స్థితికి తెచ్చుకోవాలి. వరసలో చివరి మనిషి తనదాన్ని వినే స్థితికి మార్చుకుని అతడి కూత వినాలి. చివరి మనిషి బుర్గి.

"నాది ముప్పై ఏళ్ళుగా కూస్తూనే ఉందిలే. పొద్దెక్కుతోంది."

"నడు," అంది ఆమె తన బీకన్ తిప్పుతూ. "నా ముందునుంచి నడు."

అతడు విసుక్కుంటూ నడిచాడు. ఏమీ వినిపించలేదు. తన బీకన్ పాడయిందేమోనని ఆమె దాన్ని ఫ్రౌకె దగ్గరికి తీసుకెళ్ళింది. కీచుమంది. మళ్ళీ అన్న ఛాతీకి దగ్గరగా తెచ్చింది. చప్పుడు లేదు.

రోమెడ్ జాకెట్ తెరిచి చూసుకున్నాడు. బిళ్ళ ఇంకా వినే వైపే ఉంది. అలాగే దిగి ఉంటే, మంచు కింద పడితే, అతణ్ణి ఏ బీకనూ కనిపెట్టలేదు. అతడి మొహం పాలిపోయింది. గ్రాట్స్ అక్కచెల్లెళ్ళు తమ తమ బీకన్లు తడిమి చూసుకున్నారు.

"ఎప్పుడూ మరవలేదు," అన్నాడు మెల్లగా. "ఒట్టు. ఒక్కనాడూ మరవలేదు. నీదే చూస్తూ..."

ఆమెకు అతణ్ణి నాలుగు తన్నాలనిపించింది, కావిలించుకోవాలనీ అనిపించింది. ఇన్నేళ్ళూ తను కొట్లో కూర్చుని భయపడుతుంటే, ఈ మనిషి కొండమీద అంతే భయాన్ని మోస్తున్నాడన్నమాట. పైగా ఏడాదికోసారి నవ్వుతూ "వస్తావా" అని అడిగాడు.

"తిప్పు," అంది.

తిప్పాడు. ఆమె చేతిలో కూత మొదలైంది.

"ఇప్పుడు నీది," అన్నాడు అతడు. ఆమె కూడా తనదాన్ని కూత స్థితికి మార్చి, అతడికి చూపించింది. అప్పుడు గమనించింది, వెనక్కి వెళ్ళిపోవాలన్న తలపే లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు.

రోమెడ్ దిగాడు. ఒంటికాలిమీద భారం వేసి, కొంచెం వంకరగా. నల్లరాయి దాటి ఆగి చెయ్యెత్తాడు. ఫ్రౌకె, తర్వాత అక్క, తర్వాత చెల్లెలు. చివర బుర్గి. నల్లరాయి పైనే ఆ రోజు పలక ఊడింది, ఆమెకు చోటు బాగా గుర్తుంది. అక్కడికి వచ్చేసరికి కళ్ళు మూసుకోవాలనిపించింది, మూసుకోలేదు. మడమ అంచు, వేళ్ళ అంచు, మళ్ళీ మడమ. మంచు మోకాళ్ళదాకా లేచి మొహంమీద పడింది. రాయి పక్కనుంచి పోయింది, వెనకబడింది. అన్న దగ్గర ఆగకుండా వాళ్ళందరినీ దాటి ఇంకో యాభై అడుగులు పోయి, మెత్తటి మంచులో వెల్లకిలా పడి, గట్టిగా నవ్వింది.

"చెప్పినచోట ఆగాలే!" అని రోమెడ్ పైనుంచి తిట్టాడు.

"అరవకు, మంచు ఊడుతుంది!"

ఒంటిగంటకు అవతలి ఊళ్ళో బస్సాగే చోటికి చేరారు. ఫ్రౌకె, అక్కచెల్లెళ్ళు పాన్‌కేకుల కోసం సత్రంలోకి పోయారు. రోమెడ్ బల్లమీద కూలబడి, బూటు తాళ్ళు వదులుచేసి, అవతలి జేబులోంచి ఫోను తీశాడు. ఏదో నొక్కి చెవికి పెట్టుకున్నాడు. బుర్గి పక్కనే కూర్చుంది కాబట్టి ఆమెకూ సన్నగా వినిపించింది. ఒకసారి మోగింది. రెండోసారి మోగింది. కట్ చేశాడు.

"ఎవరికి అన్నయ్యా?"

"కొట్టుకి," అన్నాడు.

"కొట్లో ఎవరున్నారు?"

రోమెడ్ ఫోను వంక చూశాడు, ఆమె వంక చూశాడు. నవ్వబోయాడు గాని నవ్వు సగంలోనే పాడయింది. బుర్గికి కళ్ళు నిండిపోయాయి. తాళం వేసిన కొట్లో, మైనం వాసన మధ్య, ఆ ఫోను రెండుసార్లు మోగి ఊరుకుంది. వినడానికి అక్కడ ఎవరూ లేరు, ఉండాల్సిన పనీ లేదు. ఆమె అన్న భుజానికి తల ఆనించి కూర్చుంది. బస్సొకటి వచ్చి పోయింది, ఇద్దరూ ఎక్కలేదు.

"ఏప్రిల్ తర్వాత కొట్లో కూర్చునేది నువ్వే," అంది చివరికి. "మైనం మాత్రం ముట్టుకోకు."

"నువ్వెక్కడికి పోతావు?"

"వచ్చే శీతాకాలం ఫ్రౌకె వస్తానంది. మార్గదర్శిగా పక్క ఊరి లుయీస్‌ను మాట్లాడుకుంటాం." కళ్ళు తుడుచుకుంది. "దిగగానే చేస్తాను. రెండు మోతలే. ఎత్తకు."