గుండిగకు అందని రాజీ

తురకదేశపు ఊరు కుతాహ్యాలో పెళ్ళంటే కెజ్బాన్ గుండిగ పొయ్యెక్కాల్సిందే. గోధుమలూ మాంసమూ కలిపి ఉడికించి, తెడ్డుతో మెదిపి ఆమె చేసే కెష్కెక్ తినకుండా పెళ్ళికొడుకు గుర్రం దిగడని ఊరంతా నవ్వుకునేది. మొగుడు పోయాక ఆ రాగి గుండిగే ఆమెకు కూడు పెట్టింది.

ఆ చలికాలం ఈజిప్టును ఏలే పాషా తన ఏలిక సుల్తాన్ మీదే తిరగబడ్డాడు. అతని సైన్యం ఊళ్ళో దిగి గుండిగను తమ వంటశాలకు మోసుకుపోయింది. వంటవాడు మెత్వల్లి మాత్రం మెత్తనివాడు. రోజూ పొద్దున్నే గిన్నెడు వేడి చారు ఆమె గడపలో పెట్టి, తలుపు కూడా తట్టకుండా వెళ్ళిపోయేవాడు.

మంచు కరిగాక దండోరా వేశారు. సుల్తానుకూ పాషాకూ రాజీ కుదిరిందట. జరిగినదంతా ఇరువైపులా క్షమించేశారట. కెజ్బాన్ అల్లాకు శుక్రియా చెప్పుకుని సుల్తాన్ కచేరీకి పరుగెత్తింది.

"అంతా క్షమించేశారు కదమ్మా! నీ గుండిగా ఆ లెక్కలోనే పోయింది," అన్నాడు గుమాస్తా.

"సుల్తాన్ గారి వంటింటిదా నాయనా, ఆయన క్షమించడానికి? ఆయన ఊళ్ళు పోతే ఆయన్ని క్షమించుకోమను!"

"ష్! నీతోపాటు నన్నూ కట్టేస్తారు. పో తల్లీ!"

సైన్యపు సర్దారును అడిగితే కచేరీలో అడగమన్నాడు. కచేరీవాళ్ళు మళ్ళీ సర్దారు దగ్గరికే పొమ్మన్నారు. చెప్పులరిగాయి గాని గుండిగ కదల్లేదు.

సైన్యం బయలుదేరే రోజున మెత్వల్లి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. "హలాల్ చెయ్యమ్మా, నా మీద నీకున్న బాకీ వదిలేశానని ఒక్కమాట అను. నీ బాకీ మెడకేసుకుని అంతదూరం ఎలా పోను?"

"గుండిగ ఇక్కడ దింపి అడుగు, బిడ్డా."

"దింపితే నా వీపు చీరేస్తారమ్మా."

ఆమెకు ఏడుపొచ్చింది. దేవుడు వినే మాట అది, అబద్ధంగా అనరాదు. "నువ్వు పోసిన చారు సాక్షిగా, నీ మీద నాకున్నదంతా హలాల్. గుండిగ మాత్రం కాదు. అది మీ పాషాకూ నాకూ మధ్యనే ఉంటుంది."

మెత్వల్లి ఆమె చెయ్యి ముద్దుపెట్టుకుని, నుదుటికి తాకించుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఒంటెలు కదిలాయి. "హలాల్ చెయ్యండి!" అంటూ సైనికులు ఆనవాయితీగా కేకేశారు. "హలాల్!" అంది వీధి వీధంతా. మెత్వల్లి ఒంటె మీద గుండిగ ఎండకు మెరుస్తూ వెళ్ళింది. కెజ్బాన్ నోటిదాకా కూడా ఆ మాట అలవాటుగా వచ్చింది. తలగుడ్డ అంచు పళ్ళ మధ్య బిగబట్టి, ఆ మాటను లోపలికే మింగేసింది.