బావ లైటర్లో రాయి

మొన్న పొద్దున్న పేపర్లో మన తీరం ఇసుకలో ఉన్న అరుదైన లోహాల గురించి అరపేజీ వార్త వేశారు. ఫోన్లకూ మోటార్లకూ అవి ఎంత అవసరమో రాసుకొచ్చి, మధ్యలో సీరియం పేరు ఒక్కసారి చెప్పి వదిలేశారు. మన వయసువాళ్ళలో చాలామంది ఆ లోహాన్ని జేబులో పెట్టుకు తిరిగినవాళ్ళేనని ఆ రాసినాయనకు తెలిసి ఉండదు. నాకైతే ఆ పేరు చూడగానే సాలూరులో అక్క ఇంటి గూడు, ఆ గూట్లో పాత చీర పేలికలో చుట్టిపెట్టిన బావ లైటరు కళ్ళముందుకొచ్చాయి. చేతిలో కాఫీ చల్లారిపోయింది.

అరవైల చివర్లో నేను కెమిస్ట్రీ చదువు ముగించి, శ్రీకాకుళంలో ఒక కాలేజీ లేబొరేటరీలో పనికి చేరాను. అక్క భర్త, అంటే మా బావ, సాలూరులో లారీ డ్రైవరు; కొండల మీది ఘాటు రోడ్డెక్కి ఒరిస్సాలో సరుకు దించి వచ్చేవాడు. ఘాటు మీద గాలికి అగ్గిపుల్ల నిలవదని, కలకత్తా వెళ్ళొచ్చిన వాళ్ళెవరి దగ్గరో ఒక పెట్రోలు లైటరు సంపాదించాడు. దాని చక్రం కింద వేసే చిన్న ముక్క అరిగిపోయినప్పుడల్లా కొత్తది నేనే పట్టుకెళ్ళేవాణ్ణి.

బావ దాన్ని రాయి అనేవాడు. రాయి కాదు, సీరియాన్ని ఇనుముతో కలిపి చేసిన లోహం అని నేను వరసపెట్టి చెప్పేవాణ్ణి: ఒకటి, సీరియం కత్తితో కోస్తే తెగేంత మెత్తన, రెండు, పేరుకే అరుదు గాని భూమిలో రాగికి తీసిపోకుండా ఉంటుంది, మూడు, దాన్ని గోకితే రాలే పొడి గాలి తగలగానే మండుతుంది, నాలుగు, దాని భస్మంతో కళ్ళజోడు అద్దాలకు మెరుగు పెడతారు, ఐదు, పెళ్ళి ఊరేగింపులో మోసే గ్యాసు లైటు లోపలి వలగుడ్డలో, అదే మేంటిల్‌లో, అది చిటికెడు కలిస్తేనే వెలుగు అంత తెల్లగా వస్తుంది. బావ అన్నీ విని మూడోదాన్నే పట్టుకునేవాడు.

"గోకితే మండిపోతాదా? అయితే అది సీరియం కాదురా బామ్మర్దీ, మీ అక్క!"

వంటింట్లోంచి అక్క ఊరుకునేది కాదు. "నాను మండబట్టే నీకింత కూడు ఉడుకుతన్నాది, సూడు!"

ఒక వానాకాలం ఘాటు మలుపులో బావ లారీ లోయలో పడింది. యజమాని మనిషి తెచ్చి ఇచ్చిన మూటలో చెప్పులు, తువ్వాలు, లైటరు ఉన్నాయి. అక్క ఏడుస్తూనే లైటరు చక్రం ఒకసారి తిప్పింది. నిప్పురవ్వ లేచింది. వెంటనే మూసేసి, ఏటా ఆయన తిథినాడు దీపం దీంతోనే వెలిగిస్తానని చెప్పింది. లోపలి ముక్కకు తేమ తగిలితే పాడవుతుందనీ, తీసి నూనెలో ఉంచుదామనీ, కావాలంటే కొత్తవి ఎన్నైనా తెస్తాననీ నేనన్నాను.

"కొత్తదేస్తే అది మీ బావది ఎలాగవుతాదిరా? సగం ఆయన అరగదీసినాడు. మిగిలింది నాకుండనీ."

ఏడాదంతా ఆవిడ దాన్ని గీయలేదు, ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. వాడకపోతే మిగులుతుందని ఆవిడ లెక్క. చీరలకీ చెప్పులకీ సరిపోయే లెక్కే అది.

సంవత్సరీకం నాడు ప్రమిదలో నూనె పోసి, వత్తి వేసి, అక్క లైటరు మూట విప్పింది. లైటరు లోపలి దూదికి నేను పెట్రోలు పట్టించి ఇచ్చాను. చక్రం కదలలేదు. బొటనవేలు ఎర్రబడేదాకా తిప్పి, చివరికి నా చేతిలో పెట్టింది. కింది మర విప్పితే లోపల ముక్క లేదు. అది ఉబ్బి, చిట్లి, బూడిదరంగు పొడిగా మారి గొట్టంలో బిగుసుకుపోయి ఉంది.

"ఒక్కసారైనా గియ్యనేదు గదరా తమ్ముడా! ఎలాగరిగిపోనాది?"

కొత్త ముక్కల పొట్లం నా చొక్కా జేబులోనే ఉంది. తేమ గాలి ఆ లోహాన్ని ఏం చేస్తుందో చెప్పే సమీకరణం నోటికి వచ్చు. రెండూ బయటికి తీయలేకపోయాను.

అక్క అగ్గిపుల్లతో దీపం వెలిగించింది. తర్వాత ఆ పొడిని అరచేతిలో దులపమని, చిటికెతో తీసి వత్తి మీద చల్లింది. నేను చెప్పినవాటిలో ఐదోది, ఆ తెల్లటి వెలుగు సంగతి, అక్క వంటింట్లోంచి విన్నదని అప్పుడు తెలిసింది. మంట కొంచెం చిటపటలాడి, మళ్ళీ ఎప్పటిలాగే పసుపుపచ్చగా నిలబడింది.

"తెల్లగా ఉన్నాది గదరా," అంది, నా వైపు చూడకుండా.

రాయి కాదు, లోహం అని వెళ్ళినప్పుడల్లా బావని దిద్దినవాణ్ణి, అక్కని దిద్దలేదు. అవునక్కా అన్నాను.

ఖాళీ లైటరు అక్క బతికినన్నాళ్ళూ ఆ గూట్లోనే ఉంది. ఆవిడా పోయి చాలా ఏళ్ళయింది. పేపరు చదివిన సాయంత్రం విజయనగరంలో మా వీధి కొట్లో లైటరు రాళ్ళు ఉన్నాయా అని అడిగాను; నా నోటికీ ఇప్పుడు రాళ్ళు అనే వస్తోంది. కొట్టాయన నవ్వి, రాళ్ళెవరు మారుస్తున్నారండీ, అయిపోతే పారేయడమే అంటూ ఒక రంగుల ప్లాస్టిక్ లైటరు ఇచ్చాడు. బయటికొచ్చి గీశాను. ఒక్క గీతకే వెలిగింది. ఇదిగో వెలిగింది చూడు అని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.